నాలుగో కన్ను మా ఇంటిది

వాగు మీది రాతి వంతెనకు ఉన్న కళ్ళన్నీ కాంక్రీటు పోసి మూసేశారు. మూసిన కళ్ళ వెనక నీళ్ళు ఎగదన్ని వాగొడ్డు పల్లె మునిగింది, నా చిన్ననాటి స్నేహితుడు చెంచయ్య చచ్చిపోయాడు. మూసినవాళ్ళు ఇంతవరకూ తెరవలేదు. మళ్ళీ వానల కాలం వచ్చేస్తోంది.

కన్ను అంటే మా వైపు వంతెన దిమ్మెకూ దిమ్మెకూ మధ్య నీళ్ళు పోయే సందు. ఆఫీసుల్లో దాన్నే ఖానా అంటారు. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు ఎద్దుల బండ్లు నడిచిన పాత బాటలో, మా వాగు అడ్డం వచ్చిన చోట ఉంది ఆ వంతెన. ఎవరు కట్టించారో నికరంగా చెప్పగలిగినవాళ్ళు లేరు. ఉదయగిరి కొండ మీద కోటను ఏలిన రాజుల్లో ఎవరో ఒకరని మా పెద్దలు అనేవాళ్ళు. శాసనం అంటూ లేదు. నడిమి దిమ్మె మీద ఒక చేప, దాని పైన సూర్యుడూ చంద్రుడూ చెక్కి ఉంటాయి, అంతే. నేను బడిలో చదివింది ఐదో తరగతి. ఆ తరవాతి చదువంతా మా అంగట్లో పొట్లాలు కట్టే పాత కాగితాల మీద సాగింది. సగం చిరిగిన వార్త చదివి, మిగతా సగం కోసం కాగితాల కట్టంతా వెతికేవాణ్ణి. కాబట్టి ఇంజనీర్లకు తెలిసినవి నాకు తెలుసునని నేను అనను. వంతెన పక్కన పుట్టి పెరిగినవాడికి ఎంత తెలుస్తుందో అంతే రాస్తున్నాను.

పోయిన నెల సుబ్బులును చూడ్డానికి వాగొడ్డు పల్లెకు పోయాను. సుబ్బులు చెంచయ్య కూతురు. వరదకు కూలిన ఇంటి చోటే మళ్ళీ రేకులు నిలబెట్టుకొని, ఇద్దరు పిల్లలతో అక్కడే ఉంటోంది. మర్రిపాడు దోవలో ఇళ్ళ స్థలాలు చూపించారట గానీ, అక్కడ రాళ్ళే తప్ప తాగడానికి చుక్క నీళ్ళు లేవు, చేపలు పట్టుకొని బతికేవాళ్ళు ఆ మెట్టకు పోయి ఏం పట్టుకోవాలి? ఆ రేకుల ఇంటి వాకిట్లో మెట్టుగా వేసిన చెక్క మీద కాలు పెట్టబోయి ఆగిపోయాను. నల్లగా, ఇనుములాగా గట్టిపడిపోయిన తుమ్మచెక్క. అంచున నాలుగు గాట్లు.

“ఏంది పెదనాయనా, అట్ట నిలబడిపోయినావు?”

“ఈ చెక్క యాడిదమ్మా?”

“మా నాయన దాచిపెట్టుకున్నాడు. ఇల్లంతా పోయినా అదొక్కటి పోలా. గోడ కింద ఇరుక్కోనుండాది. ఎవురిదో ఏందో నాకు తెలవదు.”

“మాదే. మా ఇంటి కన్నుది.”

సుబ్బులు నా మొహం వంక చూసింది. “అయితే ఎత్తకపో. కన్నే లేనప్పుడు చెక్కతో నాకేం పని?” అంది.

నేను ఎత్తకపోలేదు. ఆ చెక్క పక్కనే నేల మీద కూర్చున్నాను. కూర్చుంటే, తడిసిన గోనెసంచి వాసన వచ్చింది. అది అక్కడిది కాదని తెలుసు. మా అంగడిది.

మా అంగడి వంతెనకు ఉదయగిరి వైపు కొసన ఉండేది. నాయన, అవ్వ, నేను. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. అంగట్లో బెల్లం దిమ్మెలు, నువ్వులనూనె పీపా, చుట్టలు, బీడీలు, ఉప్పు, ఎద్దులకు తెలగపిండి. వింజమూరు వైపు నుంచి వేరుశనగ బస్తాల బండ్లు, ఉదయగిరి నుంచి చింతపండూ, గోతాల్లో చెక్క గరిటెలూ వేసుకొని వచ్చే బండ్లు, వంతెన దాటే ముందో దాటిన తరవాతో మా ముందు ఆగేవి. ఎద్దులను విప్పి వాగులో నీళ్ళు పెట్టేవాళ్ళు. వంతెన దగ్గర నీళ్ళు ఉన్నాయి కాబట్టే బండ్లు ఆగేవి, బండ్లు ఆగేవి కాబట్టే మా పొయ్యి వెలిగేది. అవ్వ ముక్కుపొడి పీల్చేది. పీల్చి తుమ్మేదాకా ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు. సాయంత్రం దీపం పెట్టగానే చీర చెంగు నడుముకు దోపుకొని వంతెన మీదికి పోయేది, మా కన్ను మీద వంగి చెవి పెట్టి వినేది. తిరిగొచ్చి, “ఒరే, మన కన్ను కారతా ఉండాది. రేపు మన్ను పెట్టించు,” అని నాయనకు చెప్పేది. నాయన పోయి చూస్తే నిజంగానే కారుతూ ఉండేది.

ఆమె దేనికి చెవి పెట్టేదో చెప్పాలంటే వంతెన కట్టిన తీరు చెప్పాలి. అందులో కమాన్లు లేవు. మనిషెత్తు దిమ్మెలు, వాటి మీద దిమ్మె నుంచి దిమ్మెకు పరిచిన పెద్ద పెద్ద బండలు. ఒక్కో బండ అంచున రాయిని చీల్చడానికి కొట్టిన ఉలి గుంటలు పళ్ళ వరసలాగా కనపడతాయి. వేలు పెడితే పట్టేంత గుంటలు. దిమ్మెలు వాగుకు ఎగువ వైపు పడవ ముక్కులాగా కోసుగా ఉంటాయి, వచ్చే నీళ్ళూ కొట్టుకొచ్చే చెట్లూ ఆ ముక్కుకు తగిలి రెండుగా చీలిపోవడానికి. దిగువ వైపు మొండిగా ఉంటాయి. కళ్ళ కింద ఇసుక లేదు, నేలంతా బండలు పరిచి ఉంటుంది, నీళ్ళు దిమ్మెల కాళ్ళు తవ్వకుండా. నడిమి కళ్ళు లోతు, కొసల్లోని కళ్ళు మెట్ట. మామూలు నీళ్ళు నడిమి కళ్ళలోనే పోతాయి, వాగు పెరిగేకొద్దీ పక్క కళ్ళు ఒక్కొక్కటే అందుకుంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం నేనూ చెంచయ్యా ఆ కొస కన్నులో, దిగువ పక్క పొడి బండల మీద పడుకునేవాళ్ళం. పైన బండి పోతుంటే బండ మోగేది, ఆ మోత వీపులోకి దిగేది. దిమ్మెల పక్కల్లో మాత్రం నిలువుగా రెండేసి గాళ్ళు తొలిచి ఉండేవి. ఆ గాళ్ళలోనే ఉంది వంతెన కట్టినవాడి తెలివంతా. ఆయన బాట ఒక్కటే కట్టలేదు. వానలు వెళ్ళిపోయాక ఆ గాళ్ళలోకి తుమ్మచెక్కలు ఒకదాని మీద ఒకటి దించి, రెండు వరసల చెక్కల మధ్య బంకమన్ను కూరి తొక్కితే, వంతెన కాస్తా కట్ట అవుతుంది. వెనక నీళ్ళు నిలుస్తాయి. మళ్ళీ వానలకు ముందు చెక్కలు పీకేస్తే, కట్ట కాస్తా వంతెన అవుతుంది.

ఒక్కో కన్ను ఒక్కో ఇంటిది. ఎప్పటి నుంచి, ఎవరు పంచారు అని అడిగితే అందరూ నవ్వేవాళ్ళు. నాలుగో కన్ను మా ఇంటిది. చెక్కల మీద గాట్లే గుర్తు. మూయడం పుష్యమాసం వెళ్ళాక ఎవరి తీరిక కొద్దీ వాళ్ళు మూసేవాళ్ళు. తెరవడం మాత్రం దసరా నవరాత్రులకు ముందు (మా వైపు పెద్ద వానలు ఆ తరవాతే), అందరూ ఒకే రోజు, పైన మబ్బున్నా ఎండున్నా. రెండు కొసల నుంచి మొదలుపెట్టి నడిమికి రావాలి, నీళ్ళు ఒక్కసారిగా దిగువకు పడకుండా. చెంచయ్య వాళ్ళ నాయన పోలయ్య దిగువ వాగొడ్డునంతా కేకేసుకుంటూ ముందే పోయి వచ్చేవాడు. పశువుల్ని తోలుకోండి, చలవకేసిన బట్టలు తీసుకోండి అని. తిరిగొచ్చి కంటి కంటికీ దిగి, చెక్కల మీద సమ్మెటతో తట్టేది ఆయనే. ఆ రోజు నీళ్ళతో పాటు చేపలు వరదలాగా పడేవి. వాగొడ్డు పల్లెవాళ్ళు బుట్టలు పెట్టి పట్టేవాళ్ళు. మేము కోమట్లం, చేప ముట్టం. అవ్వ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకొని మరీ వంతెన మీద నిలబడేది.

“ఏం సెట్టెమ్మా, కంపు కొడతా ఉంటే ఇంట్లో కూచోగూడదా?” అనేవాడు పోలయ్య కింద నుంచి.

“నా కన్ను నేను చూసుకోవద్దా? నీ మీద వదిలేస్తే చేపల యావలో చెక్కలు వాగుకి ఇస్తావు!”

“చెక్కలు మీకు, చేపలు మాకు. న్యాయంగానే ఉండాది గదా!”

చెంచయ్య ఒక బుడ్డచేపను నా జేబులో వేసి పారిపోయేవాడు. ఇంటికి పోయేసరికి వాసనకు అవ్వ నన్ను దూలానికి కట్టేసినంత పని చేసేది.

ఒక ఏడు ఎండాకాలం జల్లులు కూడా పడలేదు. బావులన్నీ అడుగంటాయి. వంతెన వెనక నిలిచిన నీళ్ళే చుట్టుపక్కల పశువులకు దిక్కు. తెరిచే రోజు వచ్చింది. అందరూ వంతెన మీద చేరారు. మా నాయన నోరు తెరిచాడు.

“ఒక్క వారం ఆగుదాం. కొండ మీద మబ్బు తునకన్నా ఉండాదా, చూడండి. ఇప్పుడు ఈ నీళ్ళు వదిలేస్తే బండ్లు యాడ ఆగాల? గొడ్లు ఏం తాగాల?”

“సెట్టీ, వద్దు,” అన్నాడు పోలయ్య. “రోజు రోజే.”

“నీకేంరా, చేపలు పడతాయని నీ తొందర.”

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరే నాయన పక్కకు వచ్చారు, ఎవరికి మాత్రం నీళ్ళు చేదు? అవ్వ ఒక్కతే, “తెరవాల్సినప్పుడు తెరవకపోతే అది కన్ను ఎట్టవుద్దిరా?” అంది. ముసలిదాని మాట ఎవరు విన్నారు. పోలయ్య సమ్మెట భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు.

ఆ వారం తిరక్కముందే, మధ్యాహ్నం అన్నాలు తినే వేళ, ఉదయగిరి కొండ వైపు ఉరిమింది. మా దగ్గర చుక్క పడలేదు. నీళ్ళు మాత్రం వచ్చాయి, ఎర్రగా, చెట్లను మోసుకుంటూ. చెక్కలు పీకుదామంటే కదల్లేదు. వెనక అంత బరువు తోస్తుంటే, నానిన తుమ్మచెక్క గాడిలో బిగుసుకుపోయి రాయే అయిపోయింది. నీళ్ళు బండల దాకా ఎగబాకి, పక్కకు తిరిగి వాగొడ్డు పల్లె వైపు పోవడం మొదలుపెట్టాయి. పోలయ్య నడుముకు మోకు కట్టుకొని ఎగువ వైపు నుంచి దిగాడు. కొస కళ్ళు తెరిచాడు. నడిమివి తెరిచాడు. చివరికి మాది మిగిలింది. పై చెక్క మీద సమ్మెట పడగానే చెక్క ఎగిరింది, దాంతో పాటు ఆయన కుడిచెయ్యి గాడిలోకి పోయింది. పైన మోకు పట్టుకున్నవాళ్ళలో నాయన ఉన్నాడు. ఆ అరుపు నేను రాయలేను. పల్లె నిలిచింది. పోలయ్య చెయ్యి నెల్లూరు ఆసుపత్రిలో మోచేతి పైకి తీసేశారు.

మరుసటి ఏడు నుంచీ తెరిచే రోజున అవ్వ తెల్లవారుజామునే స్నానం చేసి, రాగిసంగటి కెలికి, గోంగూర పులుసు పెట్టి, తట్ట నెత్తిన పెట్టుకొని తనే నడిచి పోలయ్య ఇంటికి పోయేది. మా వాళ్ళలో అట్లా వాగొడ్డు పల్లెకు తట్ట మోసిన ఆడమనిషి అంతకుముందు లేదు. మా వాళ్ళు చాటున చాలా అన్నారు. ఆయన తిన్నాకే ఇంటికొచ్చి తినేది. పోలయ్య ఇక నీళ్ళలోకి దిగలేదు. పని చెంచయ్య అందుకున్నాడు. కానీ ఆ రోజు మాత్రం పోలయ్య నడిమి దిమ్మె మీద కూర్చొని, నాయన కనపడగానే కేకేసేవాడు: “ఏం సెట్టీ, మబ్బు యాడన్నా కనపడతా ఉండాదా? ఆగుదామా?” నాయన తల వంచుకొని, “లేదు పోలయ్యా, తెరువు,” అనేవాడు. ప్రతి ఏడూ అదే మాట, అదే జవాబు. పోలయ్య బతికినంత కాలం నాయన ఆ మాట పడ్డాడు. ఒక్కసారి కూడా ఆ రోజున ఊరు వదిలి పోలేదు.

బండ్లు పోయాయి. ఎగువన కొత్త వంతెన వచ్చింది, బస్సులు అటు తిరిగాయి. బోర్లు వచ్చాక వాగు నీళ్ళతో ఎవరికీ అవసరం లేకపోయింది. కళ్ళు మూయడం ఒక్కో ఇంటివాళ్ళూ మానేశారు. చెక్కలు కొన్ని కోళ్ళ గూళ్ళయ్యాయి, కొన్ని పొయ్యిలోకి పోయాయి. మాది చెంచయ్య ఎప్పుడు తీసి దాచాడో నాకు తెలియదు. నేను అంగడి ఎత్తేసి ఆత్మకూరు చేరాను. కళ్ళు మాత్రం ఏడాది పొడుగూ తెరిచే ఉండేవి. ఎవరికీ ఏ కీడూ జరగలేదు.

అప్పుడు చెక్ డ్యామ్ అన్నారు. ఉన్న దిమ్మెల మధ్య కాంక్రీటు పోస్తే పని సులువని ఎవరికి తోచిందో. కళ్ళు పూడ్చి, బండల మీద ఇంకో మూర గోడ లేపారు. రిబ్బన్ కత్తిరించే రోజు నేను పోయాను. కుర్ర ఇంజనీరు మర్యాదస్తుడే, నాకు కుర్చీ వేయించాడు.

“నీళ్ళు నిలబడితే మీకే మంచిది గదా తాతా,” అన్నాడు.

“నిలబడితే మంచిదే సార్. పోవాల్సినప్పుడు ఎట్ట పోతాయి?”

“గోడ మీద నుంచి పొర్లిపోతాయి.”

“గోడ ఎక్కేదాకా ఆ నీళ్ళు పల్లెలో ఉండాల్నా?”

“డిజైన్ పై నుంచి వచ్చింది తాతా. నాది కాదు,” అని, ఎవరో పిలిస్తే లేచిపోయాడు.

మొదటి ఏడు నీళ్ళు నిలిచాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, చుట్టుపక్కల ఎండిన బోర్లు పలికాయి, నిమ్మతోటలు ముదురాకుపచ్చగా తిరిగాయి. ఊరికి పోతే టీ అంగడి దగ్గర నన్ను ఆట పట్టించారు. “ఏంది సెట్టిగారా, కన్నూ కన్నూ అని ఏడిస్తివే! ఒక కాయ పిండుకోని తాగు, చల్లబడతావు!” చెంచయ్య కూడా నవ్వాడు. కానీ ఇంటికి పోతూ దోవలో నాతో ఒక మాట అన్నాడు. “నీళ్ళు బానే ఉండాయిరా సెట్టీ. అవి పోయే దోవ తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు.”

మొన్నటి కార్తీకంలో ఆ దోవ లేకపోయింది. తెల్లారేసరికి వాగొడ్డు పల్లెలో నడుముల్లోతు నీళ్ళు. ఆ రోజు జరిగింది సుబ్బులు నోట విన్నదే రాస్తాను. “గడ్డపార ఎత్తుకోని పోయినాడు పెదనాయనా. నేను పిల్లోళ్ళని గట్టుకి ఎక్కిస్తా ఉండా. యాడికి నాయనా అంటే, కన్ను తెరవొద్దా అన్నాడు. డెబ్బై దాటిన మనిషి. గడ్డపార దెబ్బలు వినపడతా ఉండాయి. సిమెంటు మీద ఇనుము. తరవాత వినపళ్ళా.” రెండు మైళ్ళ దిగువన సర్కారు తుమ్మల్లో దొరికాడు. చేపల వేటకు పోయి ప్రమాదవశాత్తు కొట్టుకుపోయాడని పోలీసులు రాసుకున్నారు. గడ్డపారతో చేపలు పట్టేవాణ్ణి నా జన్మలో చూడలేదు. ఆ మాట చెబితే, రాసుకున్నది రాసుకున్నామన్నారు.

అప్పటి నుంచి నేను అడుగుతున్నది ఒక్కటే. చెంచయ్య ఎట్లాగూ రాడు. సుబ్బులూ ఆ పల్లెవాళ్ళూ మళ్ళీ అక్కడే ఉన్నారు, ఈ వానలకు ముందు కనీసం నడిమి కళ్ళు రెండు పగలగొట్టండి, అంతే. మండలాఫీసులో అడిగాను. ఆత్మకూరులో అడిగాను. నెల్లూరు పోయి సోమవారం అర్జీల వరసలో నిలబడ్డాను. ఒక గుమాస్తా అడిగాడు, “ఇది రోడ్డు కిందికి వస్తుందా, నీళ్ళ కిందికా?” అని. రెంటికీ వస్తుందన్నాను. “రెండూ అయితే మాది కాదు,” అన్నాడు. అప్పటి కుర్ర ఇంజనీరు వేరే చోటికి మారిపోయాడు. కొత్తాయన టీ తెప్పించి, ఒక్క అడుగు కాంక్రీటు తియ్యాలన్నా ఎస్టిమేటు కావాలి, దానికి మంజూరు కావాలి అన్నాడు. “తెరిచేదానికి కూడా అప్పుడే రాసి ఉండొచ్చు గదా సార్?” అంటే, టీ చల్లారిపోతుంది తాగండి అన్నాడు.

మా నాయన తప్పు చేశాడు. ఒక్క వారం నీళ్ళకు ఆశపడి ఒక మనిషి చేతిని పోగొట్టాడు. కానీ ఆ తప్పు చేసినవాడికి మొహం ఉండేది. ఆ మొహాన్ని పోలయ్య ఏటేటా పేరు పెట్టి పిలిచి అడిగేవాడు, అది తల వంచి జవాబు చెప్పేది. బిగుసుకున్న చెక్కనైనా సమ్మెట పెట్టి కొడితే కదిలింది. ఇప్పుడు ఎవరిని పేరు పెట్టి పిలవాలో నాకు తెలియదు. ఏ కుర్చీ దగ్గరికి పోయినా అందులో కూర్చున్నాయన అప్పుడు అక్కడ లేనివాడే. పల్లెలో కొందరు మేమే పగలగొట్టుకుంటాం అన్నారు. పగలగొడితే ప్రభుత్వ ఆస్తి ధ్వంసం అని కేసు పెడతామని కబురొచ్చింది. సుబ్బులు మాత్రం సాయంత్రం కాగానే బియ్యం మూటా, పిల్లల పుస్తకాలూ గట్టు మీది బడి వరండాలో పెట్టి వస్తోంది. పొద్దున పోయి తెచ్చుకుంటోంది.

నిన్న, ఉదయగిరి కొండ మీద మబ్బు పట్టి ఉండగా, నా అర్జీకి జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

“తమరి అర్జీ పరిశీలించడమైనది. తమరు పేర్కొన్న ప్రదేశమునందు ఈ కార్యాలయ రికార్డుల ప్రకారము చెక్ డ్యామ్ మాత్రమే కలదు, వంతెన ఏదియు లేదు. చెక్ డ్యామ్‌నకు ఖానాలు ఉండవు కావున వాటిని తెరుచు ప్రశ్న ఉత్పన్నము కాదు. అర్జీ సంతృప్తికరముగా పరిష్కరించబడినదని నమోదు చేయడమైనది.”